మైక్ ప్రీఆంప్ డబ్బాను తడితే ‘టంగ్’ మంటోంది: ఏ కాంపోనెంట్ వల్ల?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. ఎలక్ట్రెట్ మైక్ కోసం ఎన్ఈ5532 ఐసీతో ప్రీఆంప్ (మైక్ ఇచ్చే చిన్న సిగ్నల్‌ని పెంచే సర్క్యూట్) కట్టారు. 9 వోల్టుల అడాప్టర్ మీద నడుస్తోంది. బోర్డు బయట చేయించారు, కాంపోనెంట్లన్నీ ఎస్ఎండీ, అంటే బోర్డు పైనే సోల్డర్ చేసే చిన్న రకం. డబ్బాను వేలితో తడితే హెడ్‌ఫోన్‌లో ‘టంగ్’ అని మోగుతోంది. స్పీకర్ పక్కన పెట్టి వాల్యూమ్ పెంచితే కూత పెడుతోంది. ఐసీ మార్చి చూశారు, ఇనప డబ్బాలో బిగించి చూశారు, తేడా రాలేదు. ‘ఐసీ డూప్లికేటా, షీల్డింగ్ చాలలేదా?’ అన్నది మీ సందేహం.

మీ ఐసీ బాగానే ఉంది, షీల్డింగ్ కూడా సరిపోతుంది. మీ బోర్డు మీది సిరామిక్ కెపాసిటర్లు మైకుల్లా పనిచేస్తున్నాయి. దీన్నే మైక్రోఫోనిక్స్ అంటారు. మీరు పెట్టిన సర్క్యూట్ డయాగ్రమ్ చూస్తే నాకు మొదట అనుమానం వచ్చేది మైక్ బయాస్ లైన్‌లో (మైక్‌కి కరెంట్ అందే దారిలో) 1కే, అంటే 1000 ఓమ్‌ల రెసిస్టర్ తర్వాత గ్రౌండ్‌కి వేసిన 10 మైక్రోఫారడ్ మీద. దాన్ని తీసేసి 100 మైక్రోఫారడ్, 16 వోల్టుల ఎలక్ట్రోలైటిక్ వేయండి, ప్లస్ కాలు బయాస్ వైపు. గోలలో పెద్ద వాటా అక్కడే పోతుందని నా అంచనా. మిగతాది కింద చెప్పే ఇంకో రెండు కెపాసిటర్లతో తీరుతుంది.

‘అది ఫిల్టర్ కెపాసిటర్ కదా, సిగ్నల్ దాని గుండా వెళ్లదు కదా’ అని మీకు అనిపించవచ్చు. దాదాపు అందరూ అక్కడే దాన్ని వదిలేసి, మైక్ సిగ్నల్‌ని ఐసీకి చేరవేసే కప్లింగ్ కెపాసిటర్ మీద పడతారు. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

కెపాసిటర్‌లో ఉండే ఛార్జ్ అంటే దాని కెపాసిటెన్స్‌ని వోల్టేజ్‌తో గుణించిన విలువ. ఆ ఛార్జ్ బయటికి పోయే వ్యవధి లేనంత వేగంగా కెపాసిటెన్స్ మారితే, వోల్టేజ్ మారక తప్పదు. స్టూడియో కండెన్సర్ మైక్ పనిచేసేది సరిగ్గా ఇలాగే. సిరామిక్‌లో దీనికి తోడు ఇంకో గుణం ఉంది. ఎక్స్7ఆర్, ఎక్స్5ఆర్, వై5వీ రకాల లోపల ఉండే పదార్థానికి మూలం బేరియం టైటనేట్. అది పీజో పదార్థం: వంచితే వోల్టేజ్ పుడుతుంది, వోల్టేజ్ ఇస్తే సాగుతుంది. కొత్త కెపాసిటర్‌లో దాని సూక్ష్మ భాగాలు తలో దిక్కుకి తిరిగి ఉంటాయి కాబట్టి మొత్తం మీద ప్రభావం పెద్దగా బయటపడదు. దాని మీద డీసీ పడగానే అవన్నీ ఒక వైపు మొగ్గుతాయి, అప్పుడు కెపాసిటర్ నిజంగానే పీజో పికప్ అయిపోతుంది. అంటే ఒక సిరామిక్ ఎంత మోగుతుందన్నది దాని మీద ఎంత డీసీ నిలిచి ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది.

ఇప్పుడు మీ బోర్డు చూడండి. ఎలక్ట్రెట్ క్యాప్సూల్ (అంటే మైక్) అర మిల్లీయాంప్ లాగుతుందనుకుందాం. 1కే మీద అర వోల్టు పోతుంది, కాబట్టి ఆ 10 మైక్రోఫారడ్ మీద ఎనిమిదిన్నర వోల్టులు నిలుస్తాయి. తర్వాతి 2.2కే మీద ఇంకో 1.1 వోల్టులు పోయి మైక్ దగ్గర సుమారు 7.4 ఉంటుంది. ఐసీ ఇన్‌పుట్‌ని సగం సప్లైకి, అంటే 4.5 వోల్టులకి కట్టారు. అంటే కప్లింగ్ కెపాసిటర్ రెండు కొసల మధ్య తేడా 3 వోల్టులకు లోపే. గెయిన్ (సిగ్నల్ ఎన్ని రెట్లు పెరగాలో) నిర్ణయించే 470 ఓమ్‌ల రెసిస్టర్ కింద గ్రౌండ్‌కి ఇంకో 10 మైక్రోఫారడ్ ఉంది, దాని మీద 4.5. మూడింటిలో ఎక్కువ డీసీ మోస్తున్నది ఫిల్టర్ కెపాసిటరే.

మరి అందులో పుట్టిన శబ్దం సిగ్నల్‌లోకి ఎలా వస్తుంది? 10 మైక్రోఫారడ్ 1 కిలోహెర్ట్జ్ దగ్గర 16 ఓమ్‌ల పాటిది. దాని పైనున్న 1కే అంత చిన్న ఇంపీడెన్స్‌ని (మారే సిగ్నల్‌కి ఎదురయ్యే అడ్డుని) అణచలేదు, కాబట్టి కెపాసిటర్‌లో పుట్టిన వోల్టేజ్ మొత్తం బయాస్ లైన్ మీదికి వస్తుంది. ఆ తర్వాత 2.2కే, దాని కింద క్యాప్సూల్ లోపలి ఎఫ్‌ఈటీ (ఒక రకం ట్రాన్సిస్టర్). ఎఫ్‌ఈటీ డ్రెయిన్ కరెంట్ సోర్స్ లాంటిది, పైనుంచి వచ్చే వోల్టేజ్ కదలికని ఏమాత్రం పీల్చుకోదు. బయాస్ లైన్ ఎంత ఊగితే మైక్ అవుట్‌పుట్ కూడా దాదాపు అంతే ఊగుతుంది. ఆప్-ఆంప్ (మీ 5532 లాంటి ఐసీ) సప్లై పిన్నుల దగ్గర అయితే ఐసీ తనంతట తానే సప్లై గోలని అణచుకుంటుంది. రెండు వైర్ల ఎలక్ట్రెట్‌కి ఆ రక్షణ లేదు.

ఎంత మోగుతుందో ఒక లెక్క. మీ తట్టుకి ఆ కెపాసిటర్ విలువ పది లక్షల్లో ఒక వంతు మాత్రమే మారిందనుకోండి. ఎనిమిదిన్నర వోల్టుల మీద అది ఎనిమిదిన్నర మైక్రోవోల్టులు. మామూలు ఎలక్ట్రెట్ 94 డెసిబెల్‌ల శబ్దానికి సుమారు 6 మిల్లీవోల్టులు ఇస్తుంది. ఆ లెక్కన ఈ ఎనిమిదిన్నర మైక్రోవోల్టులు 36, 37 డెసిబెల్‌ల శబ్దంతో సమానం. చవక క్యాప్సూల్స్ సొంత హిస్ (బుస్సుమనే శబ్దం) కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది. పది లక్షల్లో పది వంతులు మారితే 56 డెసిబెల్‌లు, అంటే కాస్త దూరంలో మనిషి మామూలుగా మాట్లాడినంత. దాన్ని మీ ఐసీ మళ్లీ 200 రెట్లు పెంచుతోంది. వేలితో తట్టడమంటే బోర్డుకి చిన్న దెబ్బేమీ కాదు.

ఇనప డబ్బా ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు తెలుస్తుంది. షీల్డింగ్ ఆపేది ఎలక్ట్రిక్ ఫీల్డ్‌ని. మీ సమస్య వణుకు. బోర్డుని నాలుగు స్క్రూలతో గట్టిగా బిగించిన పల్చటి రేకు డబ్బా ఆ వణుకుని ఇంకా బాగా చేరవేస్తుంది.

మార్చే ముందు రుజువు చేసుకోండి. సోల్డరింగ్ ఐరన్ పట్టుకునే ముందు ఈ పరీక్ష చేయండి. మైక్ డబ్బాకే బిగించి ఉంటే, తట్టినప్పుడు మైక్ కూడా ఆ తట్టుని వింటుంది. అది లోపం కాదు, దాని పనే అది. కాబట్టి క్యాప్సూల్ విప్పేసి దాని చోట 15కే రెసిస్టర్ పెట్టండి. మైక్ లాగే అర మిల్లీయాంప్ లాగుతుంది, డీసీ వోల్టేజ్‌లు ఎక్కడివక్కడ ఉంటాయి, కానీ మైక్ లేదు. ఇప్పుడు తట్టినా మోగితే బోర్డే మోగుతోందని అర్థం. స్పీకర్ ఆపి హెడ్‌ఫోన్‌లోనే వినండి, లేకపోతే స్పీకర్ శబ్దం బోర్డుకి తగిలి లెక్క తప్పిస్తుంది.

తర్వాత అగరబత్తి పుల్లో, ప్లాస్టిక్ అల్లిక సూదో తీసుకుని ఒక్కో కెపాసిటర్‌ని మెల్లగా తట్టండి. స్క్రూడ్రైవర్ వద్దు. ఇనప మొన తగిలితే హమ్, క్లిక్ కలిసి వచ్చి ఏది ఏమిటో తెలియదు. బోర్డంతా ఒకటిగా కదులుతుంది కాబట్టి ఎక్కడ తట్టినా కొంత మోగుతుంది. మెల్లమెల్లగా బలం తగ్గిస్తూ పోతే, చివరికి తాకితే చాలు మోగేది ఒకటో రెండో మిగులుతాయి. అవే దొంగలు.

శబ్దం తీరు కూడా వినండి. తట్టగానే మోగి, సాగి, ఆగిపోతే మైక్రోఫోనిక్స్. ‘చిటపట’ అని విరిగినట్టు వస్తే, లేదా తట్టిన తర్వాత హమ్ గానీ వాల్యూమ్ గానీ మారిపోయి అలాగే ఉండిపోతే డ్రై సోల్డర్, లూజ్ కనెక్టర్, పగిలిన ట్రాక్. రిపేర్‌కి వచ్చేవాటిలో ‘తడితే శబ్దం’ అన్న కంప్లయింట్లకి ఎక్కువ సార్లు కారణం ఈ రెండోదే, కాబట్టి ముందు సోల్డర్ అంతా భూతద్దంతో ఒకసారి చూడండి. మీరు ‘టంగ్’ అని రాశారు కాబట్టే నేను కెపాసిటర్ వైపు వెళ్లాను.

కూతకి కూడా ఇదే పరీక్ష. మైక్ తీసేసినా కూత వస్తే, లేదా మైక్ ఉన్నప్పుడు దాన్ని ఎటు తిప్పినా కూత స్థాయి మారకపోతే, స్పీకర్ శబ్దం బోర్డుని ఊపుతోంది. బోర్డు, డబ్బా కలిసి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగడానికి ఇష్టపడతాయో అక్కడే కూస్తుంది.

ఇక ఏం వేయాలి.

బయాస్ ఫిల్టర్‌కి 100 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ అని చెప్పాను. అల్యూమినియం ఎలక్ట్రోలైటిక్‌లో పీజో గుణం లేదు, అందుకే ఈ చోటికి సరిగ్గా సరిపోతుంది. పైగా దీనివల్ల ఇంకో లాభం. ఎక్స్5ఆర్ రకం చిన్న సైజు సిరామిక్ మీద డీసీ పడితే దాని విలువ పడిపోతుంది. 10 అని రాసి ఉన్నది 8 వోల్టుల దగ్గర సగానికంటే తక్కువైపోవడం మామూలే. ఎక్స్7ఆర్, ఎక్స్5ఆర్ అన్న కోడ్ చెప్పేది ఉష్ణోగ్రతకి విలువ ఎంత మారుతుందన్నదే. వోల్టేజ్‌కి ఎంత పడిపోతుందో, తడితే ఎంత మోగుతుందో అందులో ఉండదు. అడాప్టర్ నుంచి వచ్చే గోలని మీ ఫిల్టర్ అనుకున్నంత ఆపడం లేదన్నమాట.

గెయిన్ కాలులోని 10 మైక్రోఫారడ్ కూడా మార్చండి, అక్కడా 47 లేదా 100 ఎలక్ట్రోలైటిక్. 470 ఓమ్‌లతో 10 మైక్రోఫారడ్ అంటే 34 హెర్ట్జ్ దగ్గరే బేస్ తగ్గడం మొదలవుతుంది. 4.5 వోల్టుల కింద అసలు విలువ తగ్గితే ఆ కోత ఇంకా పైకి వస్తుంది. 100 వేస్తే 3.4 హెర్ట్జ్. మృదంగం, తబలా బాయా లాంటివి రికార్డ్ చేస్తే ఈ తేడా చెవికి తెలుస్తుంది.

కప్లింగ్ దగ్గర 1 మైక్రోఫారడ్ పాలిస్టర్ ఫిల్మ్ వేయండి. కోఠి గుజరాతీ గల్లీలో ‘బాక్స్ టైప్ 105, 63 వోల్ట్స్’ అని అడిగితే ఇస్తారు. కొన్ని షాపుల్లో మైలార్ అంటారు, అదే. ఎస్ఎండీ ప్యాడ్‌ల మీద రెండు కాళ్లు వంచి సోల్డర్ చేయొచ్చు, కానీ అలా గాల్లో నిలబెట్టి వదిలేయకండి. బోర్డు మీదికి పడుకోబెట్టి సిలికాన్‌తో అంటించండి. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అందులోంచి వచ్చే ఎసిటిక్ ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ క్యూర్ అని ట్యూబ్ మీద రాసి ఉన్నది కొనండి. ఫిల్మ్‌కి జాగా లేకపోతే అక్కడ కూడా 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ పనిచేస్తుంది, ప్లస్ కాలు మైక్ వైపు. కొందరు 0.1 ఫిల్మ్ చాలంటారు. ఇన్‌పుట్ రెసిస్టర్ 100కే కాబట్టి లెక్క ప్రకారం బేస్ 16 హెర్ట్జ్ దాకా వస్తుంది, నిజమే. కానీ తక్కువ ఫ్రీక్వెన్సీల్లో కెపాసిటర్ ఇంపీడెన్స్ పెరిగి, 5532 ఇన్‌పుట్ కరెంట్ నాయిస్ దాని మీద వోల్టేజ్‌గా మారుతుంది. అందుకని 1 దగ్గరే ఉంచండి.

బోర్డు మీది సిరామిక్‌లన్నీ పీకేయకండి. ఐసీ సప్లై పిన్నుల పక్కనున్న 0.1 మైక్రోఫారడ్‌లు అక్కడే ఉండాలి. అవి లేకపోతే ఐసీ హై ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అయ్యే ప్రమాదం ఉంది. ఇన్‌పుట్ దగ్గర రేడియో సిగ్నల్ ఆపే 100 పికోఫారడ్ సీ0జీ రకమైతే అదీ ఉంచండి. సీ0జీ, ఎన్‌పీ0 రెండూ ఒకటే. వీటిలో పీజో గుణమున్న బేరియం టైటనేట్ దశ ఉండదు, తట్టినా మోగవు, వోల్టేజ్‌కి విలువ మారదు. 4.5 వోల్టుల రిఫరెన్స్ దగ్గరి కెపాసిటర్ మోగినా, 100కే దాటి 2.2కే మీదికి వచ్చేసరికి నలభయ్యో వంతుకి తగ్గిపోతుంది. తీరిక ఉంటే మార్చండి, లేకపోతే వదిలేయండి.

నా బెంచి మీదికి వచ్చిన కొన్ని కేసులు చెప్తాను, మీ బోర్డులో రేపు ఇలాంటివే రావచ్చు.

ఒక భజన మందిరం మిక్సర్‌లో 100 హెర్ట్జ్ హమ్ ఉండేది. అప్పటికే ఎవరో ఫిల్టర్ కెపాసిటర్లన్నీ కొత్తవి వేశారు, గ్రౌండింగ్ మార్చారు, పోలేదు. మన కరెంట్ 50 హెర్ట్జ్ కాబట్టి 100 అనగానే రెక్టిఫైయర్ రిపుల్ (ఏసీని డీసీ చేశాక సప్లైలో మిగిలే ఊపు) అనుకోవడం సహజం. ఆసిలోస్కోప్ పెట్టి చూస్తే సప్లై శుభ్రంగా ఉంది. ఇన్‌పుట్ బోర్డు స్క్రూలు విప్పి, వైర్లు ఊడకుండా, బోర్డుని చాసీ నుంచి రెండంగుళాలు పైకెత్తి పట్టుకున్నాను. హమ్ ఆగిపోయింది. మళ్లీ దించి చాసీకి ఆనించగానే వచ్చేసింది. మధ్యలో ఒక మందపాటి స్పాంజ్ ముక్క పెట్టి దాని మీద ఆనిస్తే రాలేదు. ట్రాన్స్‌ఫార్మర్ కోర్ మెయిన్స్ ఫ్రీక్వెన్సీకి రెట్టింపు వేగంతో వణుకుతుంది, అదే 100. ఆ వణుకు రేకు గుండా బోర్డుకి, బోర్డు నుంచి మొదటి స్టేజ్‌లోని సిరామిక్‌కి చేరుతోంది. రెండు కెపాసిటర్లు మార్చి, ట్రాన్స్‌ఫార్మర్ కింద రబ్బరు వాషర్లు వేశాక ఆ మిక్సర్ నిశ్శబ్దంగా పనిచేసింది. హమ్ అనగానే కరెంట్‌లోనే వెతకొద్దని ఆ మిక్సర్ చూసినవాళ్లకి చెప్తుంటాను.

ఇంకోటి కాంటాక్ట్ మైక్ పెట్టిన వీణ. కచేరీలో కళాకారిణి కాస్త కదిలినా ‘గరగర’ అని వచ్చేది. ఇక్కడ బోర్డు తప్పు లేదు, కేబుల్‌ది. కేబుల్ వంగినప్పుడు లోపలి ఇన్సులేషన్, పైనున్న షీల్డ్ అల్లిక రాసుకుని స్టాటిక్ ఛార్జ్ పుడుతుంది. తక్కువ ఇంపీడెన్స్ మైక్ అయితే అది వెంటనే కారిపోతుంది. పీజో పికప్‌కి 1 మెగాఓమ్ ఇన్‌పుట్ కావాలి, అంత ఇంపీడెన్స్ దగ్గర ఆ ఛార్జ్ పెద్ద వోల్టేజ్‌గా కనిపిస్తుంది. వీణ దండి దగ్గరే, పికప్ నుంచి జానెడు దూరంలో టీఎల్072తో బఫర్ పెట్టి అక్కడి నుంచి మామూలు కేబుల్ లాగితే ఆ గరగర పోయింది. బఫర్ పెట్టే వీలు లేకపోతే, ఇన్సులేషన్ మీద కార్బన్ కలిపిన నల్లటి కండక్టివ్ పొర ఉన్న కేబుల్ వాడండి. కేబుల్ కొస ఒలిచి చూస్తే అల్లిక కింద ఆ పొర కనిపిస్తుంది. దాన్ని సోల్డర్ చేసేటప్పుడు ఆ నల్ల పొరని మధ్య వైర్‌కి తగలకుండా కొంచెం వెనక్కి కోయాలి, లేకపోతే సిగ్నల్ గ్రౌండ్‌కి లీకవుతుంది.

వాల్వ్ (గాజు ట్యూబ్) ఆంప్లిఫయర్లు కట్టే కుర్రాళ్లు ఈ మధ్య పెరిగారు కాబట్టి వాళ్ల కోసం ఒక మాట. ఈసీసీ83 లాంటి వాల్వ్‌లో గ్రిడ్ అంటే అతి సన్నటి తీగ చుట్ట, కాథోడ్‌కి చాలా దగ్గరగా ఉంటుంది. గాజుని తడితే ఆ దూరం మారుతుంది, దాంతో కరెంట్ మారుతుంది. వాల్వ్ కొంతవరకు మోగడం దాని స్వభావం. మరీ మోగేదాన్ని మొదటి స్టేజ్ నుంచి తీసి తర్వాతి స్టేజ్‌లోకి మార్చితే చాలాసార్లు సరిపోతుంది, అక్కడ దాని తర్వాత గెయిన్ తక్కువ కదా. గాజు చుట్టూ వేడి తట్టుకునే సిలికాన్ రింగులు వేస్తే ఇంకొంచెం తగ్గుతుంది. ఎండిన చెక్క పుల్లతోనే తట్టండి, ఒక చెయ్యి జేబులో పెట్టుకోండి. అక్కడ 250, 300 వోల్టుల డీసీ ఉంటుంది. ఈ ఆంప్లిఫయర్లలో కప్లింగ్ కెపాసిటర్ మీద 150 వోల్టులు నిలవడం మామూలు కాబట్టి, వదులుగా చుట్టిన ఫిల్మ్ కెపాసిటర్ కూడా మోగవచ్చు. డీసీ ఎక్కువైతే ఫిల్మ్‌నీ అనుమానించాలి.

మీ ప్రశ్నలో చివర్లో ‘ఎప్పుడూ సన్నగా బుస్సుమంటోంది’ అని కూడా రాశారు. దానికి కెపాసిటర్లతో సంబంధం లేదు. తట్టినా తట్టకపోయినా ఒకేలా ఉండే హిస్ రెసిస్టర్ల వేడి వల్ల, ఐసీ వల్ల, అన్నింటికంటే ఎక్కువగా మీ క్యాప్సూల్ వల్ల వస్తుంది. 2.2కే రెసిస్టర్ నాయిస్, 5532 నాయిస్ రెండూ ఇంచుమించు సమానం, క్యాప్సూల్ ముందు రెండూ తక్కువే. ఇంకా మంచి ఐసీ కొని డబ్బు పెట్టకండి. క్యాప్సూల్ కొనేటప్పుడు డేటాషీట్‌లో సిగ్నల్-టు-నాయిస్ (హిస్ కంటే సిగ్నల్ ఎంత ఎక్కువో చెప్పే అంకె) 58 డెసిబెల్‌లు ఉన్నదాని బదులు 70 దాటినది చూడండి, తేడా వెంటనే వినిపిస్తుంది.

మూడు కెపాసిటర్లూ ఒకేసారి మార్చకండి. ముందు బయాస్ ఫిల్టర్ ఒక్కటే మార్చి, 15కే పెట్టి తట్టి వినండి. తర్వాత గెయిన్ కాలు, ఆ తర్వాత కప్లింగ్. ఒక్కొక్కటి మార్చినప్పుడు ఎంత తగ్గిందో ఒకే వాల్యూమ్‌లో రికార్డ్ చేసి ఇక్కడ పెట్టండి. మూడూ అయ్యాక కూడా మోగుతుంటే బోర్డు రెండు వైపులా దగ్గర నుంచి తీసిన ఫోటోలు, స్క్రూలు ఎక్కడెక్కడ బిగించారో పెట్టండి, డబ్బా సంగతి అప్పుడు చూద్దాం.